డైపర్ కింద ఎర్రదనం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే విషయం మీద తీసుకున్నాం: పసిపిల్లల పిరుదులు, గజ్జలు, తొడలు డైపర్ కింద కందిపోవడం. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి ఒక్కచోట జవాబిచ్చాం.

ప్రశ్న: మా పాపకి 9 నెలలు. మొదటి ఆరు నెలలూ ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు నెలకి రెండుసార్లయినా పిరుదులు ఎర్రగా కందిపోతున్నాయి. డైపర్ అదే, క్రీమూ అదే. కంపెనీ మార్చి చూడమంటారా?

జవాబు: కంపెనీ సంగతి తర్వాత. ముందు ఒక్కో డైపర్ పాప ఒంటి మీద ఎంతసేపు ఉంటోందో ఒకరోజంతా కాగితం మీద రాసి చూడండి. చాలా ఇళ్ళలో అసలు కారణం అక్కడే బయటపడుతుంది.

చర్మం పై పొర పొడిగా ఉన్నంతవరకే గట్టిగా ఉంటుంది. గంటల తరబడి తడిలో నానితే ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు డైపర్ కాస్త ఒరుసుకున్నా చిట్లుతుంది. దీనికి మలం తోడైతే అసలు నష్టం మొదలవుతుంది. మలంలోని బాక్టీరియా మూత్రంలోని యూరియాని అమ్మోనియాగా మారుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్దిగా ఆమ్లగుణంతో, పీహెచ్ 5.5 దరిదాపుల్లో ఉంటుంది. అమ్మోనియా దాన్ని క్షారం వైపు లాగుతుంది. ఆ మార్పుతో మలంలోని లైపేజ్, ప్రోటియేజ్ అనే ఎంజైములు చురుకవుతాయి. కొవ్వునీ ప్రొటీన్లనీ అరిగించడమే వాటి పని. చర్మంలో ఉన్నవీ అవే కదా! మూత్రంలోని అమ్మోనియానే చర్మాన్ని కాల్చేస్తుందని చాలామంది నమ్ముతారు గానీ, చిట్లని చర్మానికి అది నేరుగా చేసే హాని తక్కువ. ఈ ఎంజైములను లేపడమే అది చేసే అసలు చెడ్డపని.

కాబట్టి మూత్రం మాత్రమే ఉన్న డైపర్ మార్చడం కొంచెం ఆలస్యమైనా చర్మం తట్టుకుంటుంది. మలం, మూత్రం కలిసిన డైపర్‌కి ఆ వెసులుబాటు లేదు.

ఇక ఇప్పుడే ఎందుకొచ్చిందంటే, ఈ ర్యాష్ ఎక్కువగా కనిపించే వయసే 9 నుంచి 12 నెలలు. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల మలంలో ఆమ్లగుణం ఎక్కువ, ఎంజైముల జోరు తక్కువ. ఘనాహారం మొదలుపెట్టగానే ఆ లెక్క మారిపోతుంది. పైగా ఈ వయసులో పిల్లలు ఎక్కువసేపు కూర్చుంటారు, రాత్రి ఏకబిగిన నిద్రపోతారు. చర్మానికి ఒరుపూ పెరుగుతుంది, తడిలో ఉండే సమయమూ పెరుగుతుంది.

పగలు 2–3 గంటలకోసారి మార్చండి. మోషన్ అయిందని తెలిస్తే ఆ క్షణమే మార్చండి. రాత్రి మూత్రం మాత్రమే పోసి, చర్మం బాగా ఉంటే నిద్ర లేపనక్కర్లేదు. ర్యాష్ ఉన్న రోజుల్లో మాత్రం మధ్యలో ఒకసారి మార్చాల్సిందే. డైపర్ ముందున్న గీత రంగు మారిందా లేదా అని చూసి కూర్చోకండి. తడి తగిలిందని మాత్రమే అది చెబుతుంది. మలం సంగతి దానికి తెలియదు.

సైజు కూడా చూడండి. నడుము దగ్గర మీ రెండు వేళ్ళు సులువుగా దూరాలి. డైపర్ తీసిన అరగంటకి కూడా తొడల చుట్టూ గాడి పోకపోతే అది చిన్నదైపోయినట్టే. రెండు సైజుల మధ్య ఊగిసలాడే బరువైతే పెద్దదే తీసుకోండి. వేసిన ప్రతిసారీ తొడల దగ్గరి కుచ్చు లోపలికి మడతపడకుండా వేలు పెట్టి బయటికి తీయండి.

కంపెనీ మార్చాల్సిన సందర్భమూ ఒకటుంది. ఎర్రదనం పిరుదుల మీద కాకుండా నడుము పట్టీ వెంట, తొడల సాగే అంచు వెంట, తుంటి పక్కన గీత గీసినట్టు వస్తే ఆ డైపర్‌లోని రబ్బరో, జిగురో, రంగో పడలేదని అనుమానించాలి. అప్పుడు రంగులూ సువాసనా లేనిది తెచ్చి రెండు వారాలు చూడండి.

ప్రశ్న: శుభ్రతలో లోపం చెయ్యం డాక్టర్ గారూ. మార్చిన ప్రతిసారీ సబ్బుతో కడుగుతాం, పైన వైప్స్‌తో తుడుస్తాం, పాత క్రీము పూర్తిగా పోయేదాకా తుడిచి కొత్తగా రాస్తాం. అయినా బాబుకి తగ్గడం లేదు.

జవాబు: తగ్గనివ్వడం లేదు మీరు. రోజుకి ఎనిమిదిసార్లు సబ్బు, ఎనిమిదిసార్లు తుడుపు అంటే, అప్పుడప్పుడే కోలుకుంటున్న పై పొరని ఎనిమిదిసార్లు గీకినట్టు. ఒంటి సబ్బులు ఎక్కువగా క్షారగుణం ఉన్నవే. పైన చెప్పిన ఎంజైములకు కావలసిందీ అదే.

ఇలా చేసి చూడండి. డైపర్ విప్పాక దాని శుభ్రంగా ఉన్న ముందు భాగంతోనే మలాన్ని ముందు నుంచి వెనక్కి ఒక్కసారి తీసేయండి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళతో కడగండి. నీళ్ళు ధారగా పోస్తే రుద్దే పనే ఉండదు. కుదరకపోతే తడిపిన దూదో, మెత్తటి గుడ్డో వాడండి. ఉత్త మూత్రానికి సబ్బు ఎప్పుడూ అవసరం లేదు. మలం అంటుకుపోయి నీళ్ళకి రాకపోతే, సువాసన లేని తేలికపాటి బేబీ క్లెన్సర్ చుక్క చాలు. ఆడపిల్లలకు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే తుడవాలి. మగపిల్లలకు వృషణాల కింద మడతలో మలం దాక్కుంటుంది, ఎత్తి చూడండి. అంగం ముందరి చర్మాన్ని మాత్రం వెనక్కి లాగకండి.

వైప్స్ మంచివా చెడ్డవా అని చాలామంది అడిగారు. ఆల్కహాల్, సువాసన లేనివైతే మామూలు చర్మానికి ఇబ్బంది లేదు. ప్యాకెట్ వెనక మిథైల్‌ఐసోథియాజోలినోన్ అన్న పేరుంటే కొనకండి, దానివల్ల అలర్జీలు వస్తాయి. చర్మం చిట్లి ఉంటే మాత్రం ఏ వైప్ అయినా మంటే, అన్నాళ్ళూ నీళ్ళే.

కడిగాక మెత్తటి గుడ్డతో అద్దండి, ముఖ్యంగా మడతల్లో. తర్వాత 10 నిమిషాలు గాలికి వదిలేయండి. ర్యాష్ ఉంటే రోజుకి కనీసం మూడు నాలుగుసార్లు ఇలా డైపర్ లేకుండా ఉంచండి. కింద నీరు దిగని షీటు, దాని మీద ఒక తువ్వాలు వేస్తే పరుపు తడుస్తుందన్న భయం ఉండదు. హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టడం వద్దే వద్దు. మీ చేతికి వెచ్చగా అనిపించే గాలి ఆ చర్మాన్ని కాల్చగలదు.

ఇప్పుడు క్రీము. ర్యాష్ లేని రోజుల్లో పెట్రోలియం జెల్లీ పలచగా రాసినా చాలు. ఎర్రబడితే జింక్ ఆక్సైడ్ క్రీము కావాలి. ట్యూబు మీద శాతం ఉంటుంది. 10 నుంచి 20 శాతం రోజువారీ వాడకానికి సరిపోతుంది, చర్మం బాగా కందితే 40 శాతం ఉన్న పేస్టు తీసుకోండి. దీన్ని ముఖానికి క్రీము రాసినట్టు ఇంకేదాకా రుద్దకూడదు. ఇది చర్మంలోకి ఇంకే మందు కాదు, చర్మానికీ మలానికీ మధ్య నిలబడే గోడ. కింద చర్మం రంగు కనబడనంత మందంగా పరవండి. తడి చర్మం మీద మాత్రం రాయకండి, ఆ తడిని లోపలే బంధించినట్టవుతుంది.

తర్వాతిసారి డైపర్ విప్పినప్పుడు పై పొర మాత్రమే మురికైతే ఆ మేరకే తీసేసి, దాని మీదే మళ్ళీ పూత వేయండి. కింద తెల్లగా అంటుకుని ఉన్నదాన్ని కదపొద్దు. రోజుకి ఒక్కసారి, స్నానం ముందు పూర్తిగా తీస్తే చాలు. దూదిని మినరల్ ఆయిల్‌లో ముంచి ఆ పూత మీద కాసేపు ఆనించి ఉంచండి. పేస్టు మెత్తబడి దూదికి అంటుకుని వస్తుంది, గోకాల్సిన పని ఉండదు.

ప్రశ్న: బాబుకి 7 నెలలు. చెవిలో ఇన్ఫెక్షన్‌కి వారం పాటు యాంటీబయాటిక్ వాడాం. ఆ తర్వాత మొదలైన ర్యాష్ జింక్ క్రీముతో తగ్గలేదు. గజ్జల మడతల్లో ముదురు ఎరుపు, దాని చుట్టూ విడివిడిగా చిన్న చిన్న ఎర్రటి పొక్కులు ఉన్నాయి. ఇదీ అదేనా?

జవాబు: కాదు. మీరు రాసిన తీరుని బట్టి ఇది కాండిడా అనే ఫంగస్.

రెంటినీ విడదీయడానికి మడత తెరిచి చూడాలి. మామూలు డైపర్ ర్యాష్ డైపర్ తగిలే ఎత్తైన చోట్ల వస్తుంది: పిరుదులు, తొడల లోపలి ఉబ్బెత్తు, పొత్తికడుపు కింది భాగం. గజ్జల మడత లోపల డైపర్ తగలదు కాబట్టి అక్కడ చర్మం బాగానే ఉంటుంది. ఫంగస్‌ది దీనికి తలకిందుల వ్యవహారం. దానికి చీకటి, వెచ్చదనం, తడి కావాలి; అందుకని మడతలోనే మొదలవుతుంది. ఎరుపు ముదురుగా, అంచు స్పష్టంగా ఉంటుంది. ఆ అంచు దాటి, బాగున్న చర్మం మీద విసిరేసినట్టు చిన్న పొక్కులుంటే ఇక అనుమానం అక్కర్లేదు. ముదురు రంగు పిల్లల్లో ఇది ఎర్రగా కాక ఊదాగానో, నల్లబడ్డట్టుగానో కనబడుతుంది. అక్కడ రంగు కన్నా మడతనూ పొక్కులనూ నమ్ముకోవడం మేలు.

యాంటీబయాటిక్ వాడాక రావడమూ మామూలే. పేగులోని బాక్టీరియా తగ్గితే కాండిడా పెరిగి మలంతో బయటికొస్తుంది. ఇంకో సంగతి: మామూలు ర్యాష్ అయినా మూడు రోజులు దాటి తగ్గకపోతే దాని మీదా కాండిడా చేరే అవకాశం ఎక్కువ.

ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించి ఫంగస్ మందు మొదలుపెట్టండి. 1 శాతం క్లోట్రిమజోల్, 2 శాతం మైకోనజోల్, నిస్టాటిన్‌లలో ఏదో ఒకటి రాస్తారు. సాధారణంగా రోజుకి రెండు మూడుసార్లు, శుభ్రం చేసి ఆరబెట్టిన చర్మం మీద, మడత లోపలికి వెళ్ళేలా పలచగా రాయాలి. పొక్కులున్న అంచు దాటి ఒక వేలు వెడల్పు బయటికి కూడా రాయండి. కొన్ని నిమిషాలు ఆగి పైన జింక్ పేస్టు వేయాలి. ఈ వరస తారుమారైతే ఫంగస్ మందు పేస్టు మీదే ఉండిపోతుంది, చర్మాన్ని చేరదు.

రెండు మూడు రోజుల్లో ఎరుపు వెలుస్తుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు, పది రోజుల్లో మళ్ళీ వస్తుంది. డాక్టర్ చెప్పిన గడువు, మామూలుగా 7 నుంచి 14 రోజులు, పూర్తి చేయండి.

బాబు నోట్లో కూడా చూడండి. బుగ్గల లోపల, నాలుక మీద పాల మరకలా కనబడుతూ, తుడిస్తే రాని తెల్లటి పాచి ఉంటే నోటికీ మందు కావాలి. పాలిచ్చే తల్లికి చనుమొనల్లో మంట ఉంటే ఆ సంగతీ డాక్టర్‌కి చెప్పండి. మూడింటిలో ఒక్క చోట వదిలేసినా మిగతా చోట్లకి తిరిగొస్తుంది: నోరు, రొమ్ము, డైపర్.

ప్రశ్న: మా మనవడికి ర్యాష్ వస్తే మందుల షాపులో ఒక క్రీము ఇచ్చారు. రాసిన మర్నాటికే మాయమైంది. ఆపగానే మళ్ళీ వచ్చింది. ఇలా రెండు నెలలుగా వాడుతున్నాం. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోట్రిమజోల్, నియోమైసిన్ అని మూడు పేర్లున్నాయి. వాడొచ్చా?

జవాబు: ఇక వాడకండి అమ్మా. అంతే కాదు, రెండు నెలలు వాడారు కాబట్టి ఆ ట్యూబు పట్టుకుని ఈ వారమే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఆ మూడింటిలో బీటామెథాసోన్ బలమైన స్టెరాయిడ్. మర్నాటికే ఎరుపు మాయమైంది దానివల్లే. వాపును అణచడం దాని గుణం, కారణాన్ని అది ముట్టుకోదు. కింద ఫంగస్ ఉంటే దానికి ఇంకా అనుకూలంగా మారుతుంది. పసిపిల్లల చర్మానికి మందును పీల్చుకునే గుణం ఎక్కువ, పైన డైపర్ కట్టు కట్టినట్టు మూసేస్తుంది. పెద్దవాళ్ళ చేతి మీద రాస్తే లోపలికి పోయే దానికన్నా ఎన్నో రెట్లు పిల్లల ఒంట్లోకి పోతుంది. ఎక్కువకాలం వాడితే చర్మం కాగితంలా పలచబడి కింద రక్తనాళాలు కనిపిస్తాయి, తొడల మీద చారలు పడతాయి, కొందరికి ఎర్రటి ఊదా రంగు గడ్డలు లేస్తాయి. ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ని తయారుచేసేది మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథి. బయటి నుంచి ఒంట్లోకి చేరిన స్టెరాయిడ్ దాని పనిని మందగింపజేయగలదు. డాక్టర్‌ని చూడమనేది ఇందుకే. నియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కి చర్మం అలర్జీ తెచ్చుకోవడమూ మామూలే.

స్టెరాయిడ్ అనేదే వాడకూడదా అంటే అదీ కాదు. చర్మం బాగా వాచి ఉంటే 1 శాతం హైడ్రోకార్టిజోన్, అన్నిటికన్నా తేలికైన రకం, డాక్టర్ రాస్తారు. రోజుకి రెండుసార్లు, పలచగా, 3 నుంచి 5 రోజులు. వారం దాటించరు. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ వంటి పేర్లు కనబడితే డైపర్ వేసే చోట మీ అంతట మీరు రాయకండి. షాపులో ఎవరు ఇచ్చినా సరే.

ప్రశ్న: పౌడర్ చల్లితే తడి పీల్చుకుంటుంది కదా, ఎందుకు వద్దంటారు?

జవాబు: పిల్లల ముఖానికి అడుగు దూరంలో డబ్బా విదిలిస్తే ఆ మేఘం నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. టాల్క్ పొడి పీల్చి ఊపిరాడక ప్రమాదంలో పడ్డ పిల్లలున్నారు. మొక్కజొన్న పిండి పౌడర్లకీ ఆ ముప్పుంది. ఇక తడి సంగతి. పౌడర్ మడతల్లో మూత్రంతో కలిసి ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఒరుస్తాయి. బోరిక్ పౌడర్, కర్పూరం కలిసిన లేపనాలు, బెంజోకేన్ ఉన్న నొప్పి క్రీములు, వంటసోడా ముద్ద, ఇవేవీ వద్దు. చిట్లిన చర్మం గుండా రక్తంలోకి చేరి హాని చేసినవే ఇవన్నీ.

ప్రశ్న: మేం గుడ్డ న్యాపీలే వాడతాం. ఉతకడంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? ర్యాష్ వచ్చినప్పుడు డైపర్‌కి మారాలా?

జవాబు: గుడ్డ న్యాపీలో సుఖం ఏమిటంటే గాలి ఆడుతుంది, కష్టం ఏమిటంటే తడి చర్మానికే అంటి ఉంటుంది. డైపర్‌లో ఉండే సోడియం పాలీయాక్రిలేట్ జెల్ తడిని లోపలికి లాగి పట్టేసుకుంటుంది. గుడ్డకి ఆ గుణం లేదు. అందుకని గుడ్డని తడిసిన ప్రతిసారీ మార్చాలి. దాని మీద ప్లాస్టిక్ నిక్కరు వేస్తే గాలి ఆడే సుఖం కూడా పోతుంది. ర్యాష్ గట్టిగా ఉన్న నాలుగు రోజులూ, ముఖ్యంగా రాత్రిపూట, డైపర్‌కి మారడం మంచిదే. తగ్గాక మీ గుడ్డలకే తిరిగి రావచ్చు.

ఉతకడం దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు డిటర్జెంట్ ఎక్కువ వేసి నీళ్ళు తక్కువ పొయ్యడం. ముందు మలాన్ని నీళ్ళ ధార కింద తీసేయండి. 60 డిగ్రీల వేడి నీళ్ళలో, సువాసన లేని డిటర్జెంట్‌తో, వేరే బట్టలతో కలపకుండా ఉతకండి. తర్వాత జాడింపు కనీసం రెండుసార్లు. ఆఖరి జాడింపులో నీళ్ళలో నురగ కనబడితే ఇంకోసారి. ఇంకా అనుమానంగా ఉంటే ఆరిన న్యాపీని ఉత్త నీళ్ళ బకెట్‌లో వేసి చేత్తో కలపండి. బుడగలు తేలితే గుడ్డలో డిటర్జెంట్ మిగిలిందని అర్థం. పాప మూత్రం పోసిన ప్రతిసారీ అది కరిగి చర్మానికి తగులుతోందన్నమాట. ఫ్యాబ్రిక్ కండిషనర్ వెయ్యకండి. మెత్తగా ఉంటుంది గానీ గుడ్డ తడి పీల్చదు. ఎండలో పూర్తిగా ఆరాకే మడతపెట్టండి. చెమ్మగా దాచిన న్యాపీ ఫంగస్‌కి పుట్టిల్లు.

ప్రశ్న: పళ్ళు వస్తున్నాయి కాబోలు, పాపకి నాలుగు రోజులుగా నీళ్ళ విరేచనాలు. పిరుదుల మీద చర్మం లేచిపోయి, ముట్టుకుంటే రక్తం చెమరుస్తోంది. డైపర్ మార్చాలంటేనే భయంగా ఉంది.

జవాబు: పళ్ళు రావడం వల్ల నీళ్ళ విరేచనాలు కావు. ఆ వయసులో అన్నీ నోట్లో పెట్టుకుంటారు కాబట్టి రెండూ ఒకేసారి తటస్థపడతాయి, అంతే. నాలుగు రోజులైంది, రక్తం చెమరుస్తోంది అంటున్నారు కాబట్టి పాపని ఈరోజే డాక్టర్‌కి చూపించండి.

విరేచనాల్లో ఎంజైములు ఎక్కువ, పేగులో ఆగే సమయం తక్కువ కావడంతో అవి చురుగ్గా ఉండగానే బయటికొస్తాయి. కొన్ని గంటల్లోనే చర్మం లేచిపోవడం అందుకే. ఇలాంటప్పుడు తుడవడం పూర్తిగా మానేయండి. టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు రెండు మూడు అంగుళాలు పోసి పాపని 5 నిమిషాలు కూర్చోబెట్టండి, మీ చెయ్యి వదలకుండా. మలం దానంతటదే విడిపోతుంది. తువ్వాలు ఆనించి ఎత్తేయండి, రుద్దొద్దు. 40 శాతం జింక్ పేస్టు మందంగా వేసి, దాని పైన పెట్రోలియం జెల్లీ మరో పూత వేయండి. ఆ రెండో పూత లేకపోతే పేస్టు డైపర్‌కి అతుక్కుని, విప్పినప్పుడు దాంతో వచ్చేస్తుంది. నిద్రలోనూ రెండు గంటలకోసారి డైపర్ కొద్దిగా తెరిచి చూడండి. ఇది నాలుగైదు రోజుల శ్రమే, విరేచనాలు ఆగాక చర్మం త్వరగా కోలుకుంటుంది.

పుండు కన్నా ముందు చూడాల్సింది ఒంట్లో నీరు. తల్లిపాలు ఆపకండి. 2 ఏళ్ళలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్ళే కలపండి, తగ్గించినా ప్రమాదమే. పళ్ళరసాలు ఈ రోజుల్లో వద్దు. వాటిలోని చక్కెర విరేచనాలను ఎక్కువ చేస్తుంది. 6 గంటలు దాటినా మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీరు రాకపోయినా, మాడు లోపలికి పోయినట్టున్నా, మగతగా ఉన్నా నేరుగా ఆసుపత్రికే వెళ్ళండి. నీళ్ళ విరేచనాలప్పుడు డైపర్‌లో మూత్రం తడి ఏదో, విరేచనం తడి ఏదో తెలియదు. డైపర్ లోపల ముందు భాగంలో ఒక దూది ఉండ పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది.

ప్రశ్న: పుట్టి మూడు రోజులైన పాప డైపర్‌లో గులాబి, నారింజ కలిసిన రంగులో పొడిలాంటి మరక కనబడింది. రక్తమా?

జవాబు: మొదటి రెండు మూడు రోజుల్లో అయితే అవి మూత్రంలోని యూరేట్ స్ఫటికాలు. చిక్కటి మూత్రంలో కనిపిస్తాయి, పాలు బాగా అందాక పోతాయి. అయిదో రోజుకి పాప రోజుకి కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. అప్పటికీ ఈ మరక వస్తుంటే పాలు సరిపోవడం లేదేమో డాక్టర్‌తో మాట్లాడండి. ఆడపిల్లలకు మొదటి వారంలో జననాంగం నుంచి కొద్దిగా రక్తపు చారిక రావడమూ మామూలే. తల్లి హార్మోన్లు తగ్గడం వల్ల వస్తుంది, తానే ఆగిపోతుంది. ఆ తర్వాత కనిపించే ఎరుపు ఏదైనా చూపించాల్సిందే. డైపర్ కూడా వెంట తీసుకెళ్ళండి.

ప్రశ్న: ర్యాష్ తగ్గిపోయింది గానీ ఆ చోట తెల్లటి మచ్చలు మిగిలాయి. బొల్లి కాదు కదా?

జవాబు: కాదు. వాచిన చర్మం మానాక కొన్నాళ్ళు రంగు తక్కువగానో, కొందరిలో ముదురుగానో ఉంటుంది. ముదురు రంగు పిల్లల్లో ఇది బాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో రంగు తిరిగొస్తుంది. దానికోసం ఏ క్రీమూ రాయనక్కర్లేదు. స్టెరాయిడ్ క్రీము వాడి ఉంటే ఆ పాలిపోవడంలో దానికీ వాటా ఉంటుంది, డాక్టర్‌కి ఆ సంగతి చెప్పండి.

ప్రశ్న: నెల దాటింది. డైపర్లు మార్చాం, జింక్, ఫంగస్ మందు అన్నీ అయ్యాయి. తగ్గదు. అసలు ఎప్పుడు భయపడాలి?

జవాబు: ఇంటి వైద్యానికి మేం ఇచ్చే గడువు మూడు రోజులు. తరచూ మార్చడం, గాలికి ఉంచడం, మందంగా జింక్ పేస్టు, ఈ మూడూ సరిగా చేసినా మూడు రోజుల్లో కొంతైనా వెలవకపోతే డాక్టర్ చూడాలి. జ్వరం ఉన్నా, నీటి బుడగల్లాంటి పొక్కులున్నా, చీము పట్టినా, పసుపు రంగు చెక్కు కట్టినా, ర్యాష్ డైపర్ దాటి ఒంటి మీదికి పాకినా ఆ మూడు రోజులూ ఆగొద్దు. నెలలోపు శిశువుకైతే పొక్కులు కనబడిన రోజే వెళ్ళాలి.

నెల దాటింది కాబట్టి మీకు వేరే కారణాలు వెతకాలి. మలద్వారం చుట్టూ గుండ్రంగా, అంచు కోసినట్టు ఎర్రగా ఉండి, మోషన్‌కి వెళ్ళేటప్పుడు ఏడుస్తూ, పైన రక్తపు చారిక కనబడితే అది స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ కావచ్చు. పూతమందులతో పోదు, నోటి ద్వారా యాంటీబయాటిక్ కావాలి. ముందు దూది పుల్లతో నమూనా తీసి పరీక్షకు పంపుతారు. తల మీద జిడ్డు పొలుసులుండి, అలాంటివే గజ్జల్లోనూ చంకల్లోనూ ఉంటే సెబోరిక్ డెర్మటైటిస్. అంచు స్పష్టంగా, నున్నగా మెరిసే ఎర్రటి పలక మడతలతో సహా పరుచుకుంటే సోరియాసిస్ సంగతి చూస్తారు, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడుగుతారు.

రెండు అరుదైనవి కూడా చెప్పి తీరాలి, ఆలస్యం చేస్తే నష్టం కాబట్టి. డైపర్ చోటుతో పాటు నోటి చుట్టూ, చేతివేళ్ళ దగ్గర, పాదాల మీద కూడా అదే తరహా పుండ్లు ఉండి, విరేచనాలవుతూ, జుట్టు రాలుతూ, బరువు పెరగకపోతే ఒంట్లో జింక్ లోపం ఉండవచ్చు. పుట్టుకతో పేగు జింక్‌ని పీల్చుకోలేని స్థితీ ఒకటుంది. తరచుగా తల్లిపాలు మాన్పించాక బయటపడుతుంది. దీనికి పైన రాసే జింక్ పనికిరాదు, రక్తపరీక్ష చేసి నోటి ద్వారా ఇస్తే వేగంగా తగ్గుతుంది. రెండోది, గజ్జల్లో మానని పుండ్లతో పాటు ఒత్తినా పోని చిన్న ఊదా రంగు చుక్కలు, తల మీద అలాంటి చెక్కులు. ఇది లాంగర్‌హాన్స్ కణాలనే ఒక రకం రక్షణ కణాలు అతిగా పెరిగే జబ్బు కాదని తేల్చుకోవడానికి చర్మం ముక్క తీసి పరీక్షించాలి.

వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ప్రతి ట్యూబూ, వైప్స్ ప్యాకెట్టూ, డైపర్ కవరూ సంచీలో వేసుకు వెళ్ళండి. వెళ్ళే రోజు ఉదయం నుంచి క్రీములేవీ రాయకండి. తెల్లటి పేస్టు కింద అంచు ఎలా ఉందో, మడత ఎలా ఉందో డాక్టర్‌కి కనబడదు. అప్పుడప్పుడూ వచ్చిపోతుంటే, ఎక్కువగా ఉన్న రోజున మడత తెరిచి, పగటి వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి.